చంద్రమతికి పద్యాలున్నాయి

పోయినేడు మా ఊరి తిరునాళ్ళకి హరిశ్చంద్ర నాటకం పెట్టారు. మా ఊరు కందుకూరు పక్కన. 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత యాభై ఏళ్ళు ప్రకాశం జిల్లా, 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాలో కలిపారు. జిల్లా ఏదైనా తిరునాళ్ళకి నాటకం మాత్రం అదే. నాటకం కమిటీలో నాకు వరసకి అన్న అయ్యే ఆయన ఉన్నాడు. అందుకని చంద్రమతి వేషం కట్టే ఆమెకి మేకప్ వేసుకోడానికి మా ఇంట్లో గది ఇచ్చాం.

ఆమె అద్దం ముందు కూర్చుని బొట్టు దిద్దుకుంటుంటే కాఫీ తీసుకెళ్ళాను. "నీకు ఎన్ని పద్యాలమ్మా?" అని అడిగాను, ఏదో మాట కలపడానికి.

"ఉండేవి చానా ఉండాయి టీచరమ్మా. పాడనిచ్చేవి రెండు" అంది.

వారణాసి సీనుకి ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకి ఇంకొక హరిశ్చంద్రుడు వచ్చారు. ఇద్దరూ పేరున్నవాళ్ళు. చంద్రమతి మాత్రం ఆమె ఒక్కతే. చంద్రమతిని కొనుక్కున్న కాలకౌశికుడి ఇంట్లో ఆమె పనిచేసే సీను ఎత్తేశారు. పాముకాటుతో కొడుకు పోయాడని తెలిసే సీనూ ఎత్తేశారు. "నేను ఏడిచే టయానికే ప్రభలు చూడ్డానికి పోతారంట జనం. నేరుగా శవాన్ని ఎత్తుకొని కాటికి వచ్చేయమన్నారు" అని చెప్పి, కాఫీ తాగి, జడ వేసుకుంది.

పదింటికి మొదలవ్వాల్సిన నాటకం పదకొండున్నరకి మొదలైంది. మొదటి హరిశ్చంద్రుడు కాశీ వీధిలో నిలబడి భార్యని అమ్మకానికి పెట్టే పద్యం ఎత్తుకున్నాడు. "జవదాటి యెరుగదీ యువతీలలామంబు పతిమాట రతనాల పైడిమూట." బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పద్యం. మా వైపు గొడ్లు కాసే పిల్లాడు కూడా ఈ పాదం పాడతాడు. ఆయన ఒక్కో పాదానికి ఒక్కో రాగం తీశాడు. ఒన్స్‌మోర్‌లు పడ్డాయి. ఐదొందల నోట్లు పిన్నీసుతో కండువాకి గుచ్చారు. ఆ సేపంతా చంద్రమతి తల వంచుకుని, పిల్లాడి భుజమ్మీద చెయ్యి వేసి నిలబడే ఉంది. నేను వాచీ చూడలేదు గానీ ఇరవై నిమిషాలకి తక్కువ ఉండదు.

మా అమ్మాయి చెన్నైలో ఉద్యోగం చేస్తుంది, సెలవు పెట్టి వచ్చింది. నా పక్కనే కుర్చీలో కూర్చుని చెవిలో అడిగింది: "అమ్మా, ఆమెని ఎవరైనా అడిగారా?"

ఆ రాత్రి నేను జవాబు చెప్పలేదు. ఏడాదిగా దాని మీదే ఆలోచిస్తున్నాను.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మనవాళ్ళు రెండు జట్లవుతారు. ఒక జట్టు, "అప్పటి ధర్మం వేరు, అప్పటి ఆడవాళ్ళు చంద్రమతిని చూసి పాతివ్రత్యం నేర్చుకున్నారు, ఇప్పటివాళ్ళకి అది అర్థం కాదు" అంటుంది. రెండో జట్టు, "అప్పటి ఆడవాళ్ళకి చదువు లేదు, అణిగిమణిగి ఉండటమే గొప్ప అనుకుని చప్పట్లు కొట్టారు, ఇప్పుడు మనకి కళ్ళు తెరుచుకున్నాయి" అంటుంది. ఈ ఇద్దరూ పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తారు గానీ, ఒక సంగతిలో ఇద్దరిదీ ఒకే మాట. పాతకాలం ఆడవాళ్ళు చంద్రమతిలో విధేయతనే చూశారని ఇద్దరూ నమ్ముతారు. అది నిజం కాదని నా గట్టి నమ్మకం. పెట్రోమాక్స్ లైట్ల కింద గోనెపట్టాల మీద కూర్చుని తెల్లార్లూ ఏడ్చిన ఆ ఆడవాళ్ళలో ఒకామె మా అమ్మమ్మ. ఆమె ఎందుకు ఏడ్చిందో నాకు చెప్పింది.

ముందు మా అమ్మాయి ప్రశ్నకి జవాబు వెతకాలి కాబట్టి పుస్తకాల దగ్గరికి పోయాను. హరిశ్చంద్రుడి కథ అన్నిటికన్నా పాతగా ఐతరేయ బ్రాహ్మణంలో ఉంది. అక్కడ ఆయనకి వంద మంది భార్యలు. ఒక్కరికీ పేరు లేదు. మనకి తెలిసిన కథ మార్కండేయ పురాణంలోది. నెల్లూరులో భారతం రాసిన తిక్కన గారి శిష్యుడు మారన ఆ పురాణాన్ని తెలుగు చేశాడు. సంస్కృత మూలంలో చంద్రమతి పేరు శైబ్య. అప్పు తీర్చే దారి లేక రాజు కుమిలిపోతుంటే, అమ్మకం అనే మాట ముందు ఆమె నోటి నుంచే వస్తుంది. నాకు బిడ్డ పుట్టాడు, మంచివాళ్ళకి భార్య వల్ల కలిగే ఫలం కొడుకే, నన్ను అమ్మి ఆ డబ్బుతో బ్రాహ్మణుడికి దక్షిణ ఇవ్వు అంటుంది. ఆ మాట విని రాజు మూర్ఛపోతాడు.

అంటే "ఆమెని ఎవరైనా అడిగారా?" అన్నదానికి పురాణం చెప్పే జవాబు ఇది: ఎవరూ అడగకముందే ఆమే చెప్పింది. ఈ జవాబు నాకు పూర్తిగా తృప్తినివ్వలేదని కూడా చెప్పాలి. కొడుకుని కన్నాను కాబట్టి ఇక నాతో పని తీరిపోయింది అన్న ఆ లెక్క చదువుతుంటే నాకు కడుపులో తిప్పింది. ఆడదాని విలువని బిడ్డతో కొలిచే లోకం ఆమె నోటితోనే ఆ లెక్క చెప్పించింది. అయినా అదే నోటితో ఆమె ఆ ఇంటి ఆపద గట్టెక్కే దారి కూడా చెప్పింది. ఈ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఒకటి ఉంచుకుని ఇంకొకటి పారేయడం నాకు చేతకాలేదు.

ఆ తర్వాత వచ్చే సంగతి ఇంకా గట్టిది. ముసలి బ్రాహ్మణుడు ఆమెని కొని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతుంటే, పిల్లవాడు ఆమె చీర పట్టుకుని వదలడు. అప్పుడామె దయ చూపించమని అడిగి ఊరుకోదు. వీడిని కూడా కొను, వీడు లేకపోతే నువ్వు నన్ను కొన్నా నేను నీ పని సరిగా చెయ్యలేను అంటుంది. ఆ ఒక్క ముక్క దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. అమ్ముడుపోయిన మనిషి, కొన్నవాడితో, తన పనితనాన్ని అడ్డం పెట్టి బేరమాడి బిడ్డని దక్కించుకుంది. చంకన పిల్లతో పొగాకు గ్రేడింగుకి పోయి, "పిల్లని పక్కన పండబెట్టుకోనిస్తేనే వస్తా" అని మేస్త్రీతో పోట్లాడిన ఆడవాళ్ళని నేను కందుకూరులో నా కళ్ళతో చూశాను. వాళ్ళకి ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా అమ్మమ్మ సంగతి. ఆమెకి పదమూడో ఏట పెళ్ళయింది. మా తాతకి అది రెండో పెళ్ళి. చదువు లేదు. నాటకమంటే మాత్రం ప్రాణం. సింగరకొండ తిరునాళ్ళకి బండ్లు కట్టుకుని పోయి, ప్రభల మీద నాటకాలు చూసి, వచ్చాక నెల రోజులు వాటి గురించే మాట్లాడేది. ఆమె చిన్నప్పుడు ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవాళ్ళు. మా వైపు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారు కూడా కుర్రతనంలో నాటకాల్లో వేషాలు కట్టినవారే. ఇక ఆడవేషమంటే బాపట్ల స్థానం నరసింహారావు గారి పేరే చెప్పుకునేవాళ్ళు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర ఆడే రోజున చంద్రమతి వేషం కట్టాల్సిన మనిషి రాకపోతే, ఈయన ధైర్యం చేసి ఆ వేషం కట్టుకున్నారు. ఆయన నట జీవితం అక్కడి నుంచే మొదలైంది. తెలుగు నాటకరంగం సత్యభామగా చూసి మురిసిపోయిన మనిషి మొదట చంద్రమతిగా ఏడిపించిన మనిషే. సినిమాలోనూ కథ అలాగే మొదలైంది. 1913లో ఫాల్కే తీసిన రాజా హరిశ్చంద్రలో రాణి వేషం కట్టింది సాలుంకే అనే మగమనిషి. 1935 తెలుగు సినిమాలో కన్నాంబ వచ్చేదాకా, మనవాళ్ళకి చంద్రమతి అంటే చాలావరకు చీర కట్టిన మగవాడే.

"మగోడు కట్టిన వేషం చూసి అంత ఏడుపు ఎట్టా వచ్చేది అమ్మమ్మా?" అని అడిగానొకసారి.

"వేషాన్ని చూసి ఏడ్చామా ఏంది? బిడ్డ శవాన్ని మోసుకుపోతా ఉంటే ఏడ్చాం" అంది.

మా అమ్మమ్మ తొమ్మిది మందిని కంటే నలుగురు మిగిలారు. పోయిన ఐదుగురిలో ఒకడు చేలో పాము కరిచి పోయాడు. పెద్దవాడు, ఎనిమిదేళ్ళు. సద్ది తీసుకుని పోయినవాడు తిరిగి రాలేదు. లోహితాస్యుడు దర్భల కోసం పోయి పాముకాటుకి పడిపోయే సీను ఆమెకి కథ కాదు. ఆ కొడుకు శవం ఇంటికొచ్చిన రోజు కూడా గొడ్లకి కుడితి పెట్టిందట, కూలీలకి సంగటి కలిపిందట. పని ఆగదు కదా అంది. దేవీ భాగవతం కథలో చంద్రమతికీ అదే జరుగుతుంది. కొడుకు పోయాడని పిల్లలొచ్చి చెప్తారు. కొన్న ఇంటాయన ఇంటి పనంతా అయ్యేదాకా కదలనివ్వడు. అర్ధరాత్రి అయ్యాక, ఇక పో, తెల్లారేసరికి వచ్చేయ్ అని పంపుతాడు. ఆ తల్లి చీకట్లో ఒక్కతే పోయి బిడ్డని వెతుక్కుంటుంది.

పాత నాటకాల్లో ఈ భాగాన్ని తీరిగ్గా ఆడేవాళ్ళని అమ్మమ్మ చెప్పేది. కాలకౌశికుడి పెళ్ళాం తిట్లు, ఆ చాకిరీ, సెలవు అడగడం, అడవిలో ఏడుపు. మగవాళ్ళు అప్పుడు బీడీలకి లేచి పోయేవాళ్ళట. ఆడవాళ్ళు మాత్రం కదిలేవాళ్ళు కాదట. మగవాళ్ళు కాటి సీనుకి తిరిగొచ్చి ముందు వరసలో కూర్చునేవాళ్ళు.

నా వాదనంతా ఈ ముక్క మీదే నిలబడుతుంది. నాటకం ఎలా నచ్చిందో మనకి తెలిసేది ఒన్స్‌మోర్‌ల వల్ల, మెడల్స్ వల్ల, నోట్ల దండల వల్ల. ఇవన్నీ మగవాళ్ళ వైపు నుంచి వచ్చినవి. ఆడవాళ్ళ వైపు ఒన్స్‌మోర్ అరిచే అలవాటు లేదు. వాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు, పొద్దున్నే లేచి పేడకళ్ళు ఎత్తారు. ఆ ఏడుపుని ఎవరూ ఏ పత్రికలోనూ రాయలేదు. "ఆ కాలం ప్రేక్షకులు చంద్రమతి పాతివ్రత్యానికి ముగ్ధులయ్యారు" అని మనం రాస్తున్నప్పుడు గ్రౌండులో సగం మంది మాటే రాస్తున్నాం.

గాంధీ గారు చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి, ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదని, అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకు సత్యం పలకకూడదని తనని తాను అడిగానని, తల్చుకుని ఏడ్చేవాడినని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ మాటలు చదివితే నాకిప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అయితే అక్కడ చంద్రమతి ప్రసక్తి లేదు. ఆ పిల్లవాడు హరిశ్చంద్రుడు కావాలనుకున్నాడు, అది సహజం. అదే నాటకం చూసిన మా అమ్మమ్మకి చంద్రమతి కావాలని ఎప్పుడూ అనిపించలేదు. అప్పటికే ఆమె చంద్రమతి. ఆదర్శం కోసం నాటకానికి పోయేవాళ్ళు వేరు, తన బతుకుని ఇంకొకరు పైకి ఏడిస్తే చూద్దామని పోయేవాళ్ళు వేరు.

తాళి సంగతి కూడా ఇలాంటిదే. కాటి కాపరి సుంకం అడుగుతాడు. ఆమె దగ్గర చిల్లిగవ్వ లేదు. మెళ్ళో మంగళసూత్రం ఉంది కదా, అది అమ్మి కట్టు అంటాడు. ఆమె తాళి భర్తకి తప్ప పరాయివాళ్ళకి కనపడదు కాబట్టి ఎదుట ఉన్నది తన మొగుడేనని ఆమెకి అప్పుడు తెలుస్తుంది. పండితులు దీన్ని పాతివ్రత్య మహిమ అంటారు. అమ్మమ్మ మాత్రం, "నా పుస్తెలు మూడుసార్లు తాకట్టుకి పోయినాయి, రెండుసార్లు ఇడిపించుకున్నా" అంది. ఒక ఏడు పొగాకు బ్యారన్‌కి పెట్టిన అప్పు తీరక పోయిన పుస్తెలు ఇక తిరిగి రాలేదు. పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని తిరిగింది. "మెళ్ళో ఉంది అమ్ము" అని మొగుడే అనే సీను ఆమెకి ఎంత దగ్గరగా తగిలిందో, మహిమ గురించి రాసినవాళ్ళకి తెలియదు.

ఇక్కడే చిత్రాంగి మాట కూడా చెప్పాలి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి సారంగధర తెలుగులో తొలి విషాద నాటకమని చెప్పుకుంటాం. చిత్రాంగి కూడా భార్యే. సవతి కొడుకు సారంగధరుడిని మోహించి, అతను కాదంటే నింద వేసిన మనిషి. ఒక కథనంలో కొడుకు పటం చూపించి ముసలి రాజుకి కట్టబెడతారామెని. చంద్రమతి కోసం ఏడ్చిన జనమే చిత్రాంగిని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఇంటికిపోయేవాళ్ళు. మా అమ్మమ్మ మాత్రం ఆమెని ఏమీ అననిచ్చేది కాదు. "ఆ పిల్లనేమనబాకండి" అనేది. ఎందుకని ఎవరూ అడగలేదు. పదమూడేళ్ళకి రెండో పెళ్ళివాడి ఇంటికొచ్చిన మనిషిని ఎందుకని అడగాల్సిన పని లేదు.

నా తరానికి వస్తే కథ మారింది. నాకు 1989లో పెళ్ళయి వింజమూరు వైపు పోయాను. ఆ తర్వాత ఏడాది రెండేళ్ళలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. డిగ్రీ చదివాను కాబట్టి నన్ను కూడా రాత్రి బడికి వాలంటీరుగా పెట్టారు. లాంతరు పెట్టుకుని, పొలం పని చేసి వచ్చిన ముప్పై మంది ఆడవాళ్ళకి అక్షరాలు దిద్దించాను. మాకు దగ్గర్లోనే కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రోశమ్మ గారి పేరు ఊరూరా మోగింది. ఆ కథే తర్వాత వాచకంలో పాఠమైంది. దాన్ని నేను పలక మీద రాసి చదివించాను.

ఇప్పటి పిల్లలకి తెలియదు గానీ, అప్పట్లో సారా అమ్ముకునే హక్కుని సర్కారు వేలం వేసేది. కంట్రాక్టర్లు వచ్చి పాట పాడేవాళ్ళు. ఎక్కువకి పాడినవాడికి ఆ ప్రాంతం ఏడాది పాటు సొంతం. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు ఆ వేలాన్ని అడ్డుకున్నారు. పాట వాయిదా పడింది, మళ్ళీ వాయిదా పడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది.

వేలాన్ని అడ్డుకున్న ఆ ఏడాదే మా అత్తగారి ఊళ్ళో హరిశ్చంద్ర ఆడారు. మర్నాడు రాత్రి బడిలో పాఠం సాగలేదు, అందరూ నాటకం గురించే మాట్లాడారు. నలభై ఏళ్ళ కూలీ మనిషి ఒకామె, అంతకు ముందు రోజే "వేలం" అనే మాట సొంతంగా రాసింది. ఆమె అంది: "చంద్రమతమ్మని ఒక్కసారే పాట పాడినారు. అప్పు తీరింది. మా ఇంట్లో ఆ పాట దినామూ జరగతానే ఉండాది, అప్పు తీరడంలా." ఎవరూ నవ్వలేదు. ఇంకొకామె, "ఆయమ్మ మొగుడు తాగడు గదా" అంది. మూడో ఆమె వెంటనే, "తాక్కుండానే అమ్మినాడే" అంది. ఆ మాటకి గది అంతా నిశ్శబ్దమైపోయింది.

ఆ మూడో మాట నేను ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను. తాగి అమ్మినవాడి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. సత్యం కోసం అమ్మినవాడిని ఏం చెయ్యాలి? ఆ రాత్రి బడిలో నాలుగో తరగతి దాటని ఆడవాళ్ళు ఈ ప్రశ్న వేశారు. కాబట్టి ప్రశ్నించడం మా అమ్మాయి తరంతోనే మొదలైందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

నాటకంలో కాటి సీనుకి ప్రాణం లాంటి పద్యం ఒకటుంది. మాయామేయమైన ఈ జగమే నిత్యమనుకుని, మోహంతో నా ఇల్లాలని, నా కుమారుడని అల్లాడిపోతామని హరిశ్చంద్రుడు పాడతాడు. దాని పక్కనే జాషువా గారి శ్మశానవాటి పద్యాలు, "ఎన్నో యేండ్లు గతించిపోయినవి గానీ" అంటూ వస్తాయి. ఇవి గొప్ప కవిత్వం. నాకు కంఠతా వచ్చు. చావు ముందు రాజూ పేదా ఒకటేనని చెప్పే జాషువా గారి పద్యాలు మా ఊరి గ్రౌండులో అన్ని కులాల వాళ్ళూ కలిసి కూర్చుని వినడం చిన్న సంగతేమీ కాదు. వాటిని తగ్గించమని నేను అనను. కానీ ఒకసారి స్టేజీ మొత్తం చూడండి. ఆయన ఇల్లాలు మోహం, కొడుకు మోహం అని రాగం తీస్తున్నాడు. కాసేపట్లో ఆ ఇల్లాలు, ఆ కొడుకుని భుజాన వేసుకుని, అదే కాటికి నడిచి వస్తుంది. ఆయన తత్వం చెప్పగలుగుతున్నాడంటే, మోయాల్సిన బరువు ఆమె మోస్తోంది కాబట్టి. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన ఉంటేనే అది విషాద నాటకం. ఆమె బరువుని కత్తిరించి ఆయన తత్వాన్ని మాత్రం రెండు గంటలు పాడిస్తే అది కచేరీ అవుతుంది.

కత్తి సీను కూడా గుర్తు చేసుకోండి. మార్కండేయ పురాణంలో కత్తి లేదు. భార్యాభర్తలిద్దరూ ఒకర్నొకరు గుర్తుపట్టి, కొడుకు చితిలోనే తామూ దూకుదామనుకుంటారు. ఇద్దరిదీ ఒకే నిర్ణయం. హంతకి అన్న నింద ఆమె మీద వెయ్యడం, మొగుడే కత్తి ఎత్తడం తర్వాత కథల్లో వచ్చి చేరాయి, స్టేజీకి బాగా నప్పాయి. కాలం ముందుకి పోయే కొద్దీ స్త్రీకి గౌరవం పెరుగుతూ వచ్చిందని మనం అనుకుంటాం. ఈ కథలో మాత్రం వెనక్కి పోయేకొద్దీ ఆమెకి మాట ఎక్కువ ఉంది.

మన నెల్లూరుదే ఇంకొక భార్య ఉంది, చానమ్మ. ఆమె భర్త ఖడ్గ తిక్కన (కవి తిక్కన కాదు, సేనాని) యుద్ధంలో ఓడి ఇంటికొస్తే, ఆమె స్నానానికి మంచం చాటు పెట్టి పసుపు ముద్ద పెట్టింది. ఇదేమిటని అడిగితే, శత్రువుకి వెన్ను చూపించి వచ్చావు, ఇంట్లో ఇక ముగ్గురం ఆడవాళ్ళమే కదా అందట. తల్లి విరిగిన పాలు పోసింది. ఆయన తిరిగి పోయి యుద్ధంలో చచ్చిపోయాడు. చిన్నప్పుడు ఈ కథ చెప్పినప్పుడల్లా పెద్దవాళ్ళు రొమ్ము విరుచుకునేవాళ్ళు. నేనూ క్లాసులో అలాగే చెప్పాను, ఇరవై ఏళ్ళ పాటు. ఒకరోజు ఏడో తరగతి పిల్ల లేచి, "టీచర్, తర్వాత ఆమె ఏమైంది?" అని అడిగింది. కథ ఆయన చావుతో ఆగిపోతుంది. పసుపు ముద్ద పెట్టిన చెయ్యి ఆ రాత్రి ఏం చేసిందో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు తర్వాత నేను ఆ పాఠాన్ని పాత పద్ధతిలో చెప్పలేకపోయాను.

మా అమ్మాయితో వాదన మొన్న సంక్రాంతికి మళ్ళీ వచ్చింది. "అమ్మా, అది టాక్సిక్ కథ. అలాంటివి ఆడటం ఆపేయాలి" అంది. హరిశ్చంద్రుడి విషయంలో నేను ఆమెతో చాలావరకు ఒప్పుకున్నాను. తన సత్యానికి అయ్యే ఖర్చు ఇంకొకరి ఒంటి మీద నుంచి కట్టడం ఏ కాలంలోనైనా ప్రశ్నించాల్సిన పనే. రాత్రి బడిలో ఆడవాళ్ళు ఆ మాట నాకు ముందే చెప్పారు. కానీ ఆపేయాలి అన్నదానికి మాత్రం ఒప్పుకోలేదు. "నువ్వు చూసింది చంద్రమతిని కాదు. ఇరవై నిమిషాలు తల వంచుకుని నిలబడిన ఒక మనిషిని చూశావు. మిగతా చంద్రమతిని కమిటీవాళ్ళు కోసేశారు" అన్నాను. తనకి శైబ్య బేరం చదివి వినిపించాను. వీడు లేకపోతే నేను పని చెయ్యలేను అన్న ముక్క దగ్గర ఫోను పక్కన పెట్టింది. "ఇది నాటకంలో ఎందుకు లేదు?" అంది.

ఎందుకు లేదంటే, కంట్రాక్టు నాటకాల లెక్కలు వేరు. పేరున్న హరిశ్చంద్రుడు ఉంటే జనం వస్తారు, చందాలు వస్తాయి. ఇద్దరుంటే పోటీ, పోటీ ఉంటే ఇంకా జనం. రాత్రి ఒంటి గంట తర్వాత ఎవరూ ఉండరు కాబట్టి నాటకాన్ని మూడు గంటలకి కుదించాలి. రాగాలు కుదించలేరు, వాటికే డబ్బులు. ఇక మిగిలింది చంద్రమతి. ఆమె సీన్లలో రాగం తక్కువ, పని ఎక్కువ. కాబట్టి కత్తెర అక్కడ పడింది. అంటే మారిన కాలం ఆమెని కాదనడం కన్నా ముందే స్టేజీ ఆమెని కాదంది. కుదించిన ఆ చంద్రమతిని చూసే ఇప్పటి పిల్లలు ఆమెని వద్దంటున్నారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ళకి మనం చూపించిందే అంత.

ఈ ఏడు తిరునాళ్ళ చందాకి కమిటీ అన్న వచ్చినప్పుడు అడిగాను. "అన్నా, ఎప్పుడూ ఇచ్చేదానికి రెట్టింపు ఇస్తా. కాలకౌశికుడి ఇంటి సీను, అడవి సీను ఆడించండి."

"జనం లేచిపోతారమ్మా" అన్నాడు.

"మగవాళ్ళు లేస్తారు. అమ్మమ్మ ఉన్నప్పుడు కూడా లేచేవాళ్ళే. టీ తాగి వస్తారు" అన్నాను.

చాలాసేపు వాదించుకున్నాం. ఒక హరిశ్చంద్రుడి రాగాలు తగ్గించమంటే ఆయన ఒప్పుకోడన్నాడు. చివరికి నాటకం తొమ్మిదింటికే మొదలుపెడదామని, ఆ సీన్లకి నలభై నిమిషాలు ఇద్దామని తేలింది. పెద్ద ఉపన్యాసాలు ఉండవని కూడా మాట తీసుకున్నాను.

పోయినేడు మా ఇంట్లో మేకప్ వేసుకున్న ఆమెకే ఫోను చేశాను. సంగతి చెప్పేసరికి కాసేపు మాట్లాడలేదు. "నిజంగా ఆ సీను ఆడిస్తారా టీచరమ్మా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత అసలు చిక్కు చెప్పింది. ఆ పద్యాలు పాడి పదేళ్ళు దాటింది, సగం మర్చిపోయింది, పుస్తకం ఎవరికో ఇస్తే తిరిగి రాలేదు. హార్మోనిస్టుకి కూడా ఆ సీను వరసలు రావు, కొత్త కుర్రాడు.

మా స్కూల్ లైబ్రరీలో పాత ప్రతి ఒకటి ఉంది, అట్ట లేదు. నిన్న దాన్ని తీసి కూర్చున్నాను. కాటి సీను పేజీలు చేతులు పడి నల్లగా అయిపోయాయి. అడవి సీను పేజీలు మాత్రం కొన్ని ఇంకా అంటుకునే ఉన్నాయి, ఎవరూ విడదీయలేదు. బ్లేడుతో మెల్లగా విడదీసి, జిరాక్స్ తీయించి, పొద్దున కందుకూరు బస్సులో డ్రైవరు చేతికిచ్చి పంపించాను.